ప్లేస్టేషనా, ఎక్స్‌బాక్సా? కృష్ణ పదార్థమా, మాండా? బరంపురం పంచాయితీ

బరంపురంలో మా అక్క ఇంట్లో ఈ మధ్య రెండు తగువులు నడుస్తున్నాయి. మేనల్లుడికి ప్లస్ టూ అయిపోయింది. పాసైతే గేమ్ కన్సోల్ కొనిస్తామన్న మాట నిలబెట్టుకోమంటున్నాడు. ఏది కొనాలన్నదే పేచీ. మేనకోడలు భంజ విహార్‌లో, అంటే బరంపురం యూనివర్సిటీలో, ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతోంది. గెలాక్సీలు అంత వేగంగా ఎందుకు తిరుగుతున్నాయన్న విషయంలో తనకీ తన స్నేహితురాలికీ పడదు. తనది కంటికి కనబడని కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) పార్టీ, స్నేహితురాలిది గురుత్వాకర్షణ సూత్రాన్నే సవరించాలనే మాండ్ పార్టీ. "మావయ్యా, ఏది మేలో నువ్వే చెప్పు" అంటూ రెండు పంచాయితీలూ నా దగ్గరకే వచ్చాయి.

ఏది ఎక్కడ గెలుస్తుందో దాని అభిమానులు అడక్కుండానే చెబుతారు. అందుకని రెండు చోట్లా నేను ఒకటే అడిగాను: మీరు మోస్తున్నది ఎక్కడ ఓడిపోతోంది?

ముందు కన్సోల్ సంగతి. వాడి లిస్టులో మూడున్నాయి: సోనీ ప్లేస్టేషన్ 5, మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్, నింటెండో స్విచ్ 2. వాడి వాదనంతా టెరాఫ్లాప్స్ మీదే, అంటే గ్రాఫిక్స్ చిప్ సెకనుకు ఎన్ని లెక్కలు చేస్తుందన్న కొలత. పీఎస్5కి 10.28, సిరీస్ ఎస్‌కి 4, కాబట్టి చర్చ ముగిసింది అంటాడు. ఈ అంకెలే గెలిపిస్తాయనుకుంటే కన్సోళ్ల చరిత్ర ఇంకోలా ఉండేది. 2006లో సోనీ పీఎస్3ని సెల్ అనే కొత్త రకం చిప్‌తో, పెద్ద మోడల్‌కి 599 డాలర్ల ధర పెట్టి దించింది. అదే ఏడాది వచ్చిన నింటెండో వీ ఆ తరంలో అన్నిటికన్నా బలహీనమైన యంత్రం. అయినా 10 కోట్లకు పైగా అమ్ముడైంది, పీఎస్3ని దాటేసింది.

2013లో జరిగింది మనకు ఇంకా దగ్గర విషయం. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ వన్‌ని కినెక్ట్ కెమెరాతో కలిపి 499 డాలర్లకు ప్రకటించి, రోజుకోసారి ఇంటర్నెట్ తగలాలి, పాత డిస్కులు చేతులు మారడానికి షరతులు ఉంటాయి అంది. సోనీ 399 డాలర్ల ధర చెప్పింది. దాంతోపాటు పీఎస్4లో గేమ్ ఇంకొకరికి ఎలా ఇవ్వాలో చూపించే బుల్లి వీడియో ఒకటి వదిలింది. అందులో ఒకడు పక్కవాడి చేతికి డిస్కు ఇస్తాడు, అంతే. విడుదలకు ముందే మైక్రోసాఫ్ట్ ఆ షరతులు ఎత్తేసింది కానీ, ఆ తరం పోటీలో మళ్లీ తేరుకోలేదు. పీఎస్4 11.7 కోట్ల దాకా అమ్ముడైంది.

ఆ డిస్కు సంగతే బరంపురంలో అన్నిటికన్నా ముఖ్యం. ఇక్కడి కుర్రాళ్లలో కొత్త గేమ్ పూర్తి ధర పెట్టి కొనేవాడు ఒకడుంటాడు. ఆ డిస్కు గాంధీనగర్ నుంచి కోర్టుపేట దాకా నాలుగిళ్లు తిరిగి, చివరికి సగం ధరకి అమ్ముడవుతుంది. సిరీస్ ఎస్‌కి డిస్కు పెట్టే చోటే లేదు. ప్రతిదీ డౌన్‌లోడే. పెద్ద గేమ్ అంటే సుమారు 100 జీబీ. 50 ఎంబీపీఎస్ ఫైబర్ లైన్ నిలకడగా ఉంటే నాలుగున్నర గంటలు పడుతుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకు 2 జీబీ ప్యాక్‌తో లాగుదామంటే 50 రోజులు. మొదట వచ్చిన మోడల్‌లో స్టోరేజీ 512 జీబీ. అందులో సిస్టమ్ వాటా పోగా మూడు పెద్ద గేములకే నిండిపోతుంది, నాలుగోది కావాలంటే ఒకటి తీసేసి మళ్లీ ఆ డౌన్‌లోడ్ యాతన. ధర మాత్రం తక్కువే: 2020 నవంబరులో ఇక్కడ 34,990 రూపాయలకు వచ్చింది. పీఎస్5 2021 ఫిబ్రవరిలో 49,990తో మొదలై 2022 చివర్లో 54,990 అయింది. ఇప్పటి ధర కొనేరోజు చూసుకోవాల్సిందే.

పీఎస్5 ఎక్కడ ఓడుతుంది? కరెంటు దగ్గర. పెద్ద గేమ్ ఆడుతుంటే ఒక్కదానికే 200 వాట్ల దాకా లాగుతుంది, టీవీ అదనం. మా అక్క ఇంట్లో ఇన్వర్టర్ మీద రెండు ఫ్యాన్లు, మూడు లైట్లు నడుస్తాయి. దాని మీదే ఇదీ పెడితే రాత్రి ఫ్యాను ఉండదని అక్క ముందే తేల్చేసింది. ఎండాకాలం సాయంత్రాల్లో కాళబైశాఖి గాలి లేస్తే ఈ ఊళ్లో మొదట పోయేది కరెంటే. ఆట మధ్యలో ఆరిపోయిన పీఎస్5, మళ్లీ ఆన్ చేయగానే సరిగా ఆపలేదని చెప్పి స్టోరేజీ తనిఖీకి కూర్చుంటుంది. ఇక తుఫానుల సంగతి చెప్పక్కర్లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటాక ఇక్కడ స్తంభాలు ఎన్ని రోజులు పడి ఉన్నాయో ఊరివాళ్లకు గుర్తే.

ఆ లెక్కన స్విచ్ 2 రాజు కావాలి. సొంత స్క్రీన్, సొంత బ్యాటరీ. కరెంటు పోతే డాక్‌లోంచి తీసుకుని డాబా మీద కూర్చోవచ్చు. 2025 జూన్ 5న అమెరికాలో 450 డాలర్లకు వచ్చింది, ప్రపంచమంతటా కలిపి మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్ముడైంది. కానీ నింటెండో మన దేశంలో అధికారికంగా అమ్మదు. విశాఖలోనో భువనేశ్వర్‌లోనో బయటినుంచి తెప్పించినవాళ్ల దగ్గర కొనాలి. పాడైతే ఆ షాపువాడి మాటే గ్యారంటీ. పైగా నింటెండో సొంత గేములు ఏళ్లు గడిచినా చౌకబడవు, ఇచ్చిపుచ్చుకోవడానికి వీధిలో ఇంకొకడి దగ్గర స్విచ్ ఉండదు.

ఎక్స్‌బాక్స్ వాదులకు ఇదివరకు ఒక గట్టి మాట ఉండేది: మా గేములు మా దగ్గరే దొరుకుతాయి. 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ 68.7 బిలియన్ డాలర్లు పోసి యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేముల కంపెనీని కొన్నప్పుడు ఆ గొంతు ఇంకా పెరిగింది. తీరా 2025 ఏప్రిల్లో మైక్రోసాఫ్ట్ తన కార్ల గేమ్ ఫోర్జా హొరైజన్ 5ని తనే పీఎస్5 మీద విడుదల చేసింది. ఇప్పుడా వాదన వినిపించడం లేదు.

నా తీర్పు: డిస్కు పెట్టే పీఎస్5. దానికీ టీవీకీ విడిగా ఒక యూపీఎస్, పావుగంట నిలబెట్టి సేవ్ చేసుకునే వీలిస్తే చాలు. ఇంట్లో నమ్మకమైన ఫైబర్ ఉండి, టీవీ పాత 32 అంగుళాలదే అయి, స్నేహితులతో డిస్కులు మార్చుకునే అలవాటు లేనివాళ్లకు సిరీస్ ఎస్ చాలు, మిగిలిన డబ్బు మిగులే.

ఇక రెండో తగువు. ఇది నాకు ఎక్కువ ఇష్టమైనది, చిక్కు కూడా దీనిదే. ఓడిన కన్సోల్‌ని కంపెనీ ఒకరోజు ఆపేస్తుంది. సెగా 2001లో డ్రీమ్‌కాస్ట్‌ని ఆపేసి కన్సోళ్ల తయారీ నుంచే తప్పుకుంది. సిద్ధాంతానికి ఆపేయడానికి ఫ్యాక్టరీ లేదు. నలభై ఏళ్లుగా ఓడిపోతోందని చెబుతున్నది కూడా బతికే ఉంటుంది, ఒక్కోసారి గెలుస్తుంది కూడా.

మేనకోడలు ఒరియా క్యాలెండరు పాత పేజీ వెనక ఒక గ్రాఫు గీసి చూపించింది. సూర్యుడికి దగ్గరున్న బుధుడు సెకనుకు 47 కిలోమీటర్లు పరుగెత్తుతాడు, చివరనున్న నెప్ట్యూన్ 5.4 మాత్రమే. దూరం పెరిగేకొద్దీ వేగం తగ్గాలి, న్యూటన్ లెక్క అదే. గెలాక్సీలో కూడా వెలుగంతా మధ్యలో కుప్పగా ఉంటుంది కాబట్టి అంచు నక్షత్రాలు నెమ్మదించాలి. 1970లో వెరా రూబిన్, కెంట్ ఫోర్డ్ ఆండ్రోమెడా గెలాక్సీని కొలిస్తే గీత కిందికి దిగలేదు, దాదాపు అడ్డంగా సాగిపోయింది. అంతకు చాలా ముందే, 1933లో, ఫ్రిట్జ్ జ్విక్కీ కోమా గెలాక్సీల గుంపులో ఇలాంటి తేడానే పట్టుకున్నాడు. ఆ వేగానికి గుంపు చెదిరిపోవాలి, చెదరడం లేదు.

కంటికి కనబడని పదార్థం ఏదో పట్టి ఉంచుతోందనాలి, లేదా అంత దూరాల్లో గురుత్వం లెక్కే వేరనాలి. ఈ రెండు మాటల్లో దేన్నీ తేలిగ్గా కొట్టిపారేయలేం. ఎందుకంటే చరిత్రలో రెండూ చెరోసారి గెలిచాయి. యురేనస్ దారి తప్పుతుంటే బయట ఇంకో గ్రహం ఉండాలని లెవెరియే లెక్క కట్టాడు. 1846 సెప్టెంబరు 23 రాత్రి బెర్లిన్‌లో గాలే టెలిస్కోపు తిప్పితే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ లోపే నెప్ట్యూన్ కనబడింది. కనబడని పదార్థానికి గెలుపు. అదే లెవెరియే 1859లో బుధుడి కక్ష్యలోని తేడాకీ అదే మందు వేశాడు: సూర్యుడికి దగ్గరగా వల్కన్ అనే గ్రహం ఉందన్నాడు. ఏళ్ల తరబడి వెతికారు, అది లేదు. 1915లో ఐన్‌స్టీన్ గురుత్వ సిద్ధాంతాన్నే మార్చి, శతాబ్దానికి 43 ఆర్క్‌సెకన్ల ఆ తేడాని ఏ గ్రహం లేకుండా తేల్చాడు.

సూత్రం మార్చాలనే పార్టీకి 1983లో ఆద్యుడు ఇజ్రాయెల్ శాస్త్రవేత్త మొర్దెహై మిల్‌గ్రోమ్. ఆయన ప్రతిపాదన పేరు మాండ్. త్వరణం ఒక హద్దు కన్నా తగ్గితే న్యూటన్ లెక్క పనిచేయదంటుంది. ఆ హద్దు మన నేల మీది గురుత్వ త్వరణంలో ఎనిమిది వేల కోట్ల వంతుల్లో ఒక వంతు. మాండ్ అడిగే కొత్త అంకె అదొక్కటే. ఆ ఒక్క అంకెతో గెలాక్సీ బరువుకీ వేగానికీ లంకె కుదిరిపోతుంది: బరువు 16 రెట్లయితే అంచు వేగం సరిగ్గా 2 రెట్లు. కొలిస్తే అలాగే వస్తోంది. చెదురుగా, మసకగా ఉండే గెలాక్సీల్లో తేడా గెలాక్సీ మధ్య నుంచే పెద్దగా ఉండాలని ఆయన ముందే చెప్పాడు, తర్వాత చూస్తే అలాగే ఉంది. 2016లో స్టేసీ మెక్‌గావ్ బృందం 153 గెలాక్సీలను ఒకే గ్రాఫు మీద పెడితే అన్నీ ఒకే సన్నటి దారిలో వచ్చి కూర్చున్నాయి. కనబడే పదార్థం ఎంతుందో చెబితే చాలు, వేగం చెప్పేయొచ్చు. కృష్ణ పదార్థం పార్టీకి ఇది ఇబ్బంది. అసలు బరువంతా కనబడనిదైతే, కనబడే పిసరంత దాన్ని చూసి అంతా ఎలా చెప్పగలుగుతున్నాం?

అయితే లెక్క కుదిరితే సరిపోదని ఒడిశాలో పెరిగిన పిల్లలకు వేరే చెప్పాలా? ఖండపడాకు చెందిన ఖగోళవేత్త పఠాణీ సామంత వెదురు పరికరాలతో, ఉత్త కంటితో ఆకాశాన్ని కొలిచి అబ్బురపరిచే అంకెలు రాబట్టాడు. ఆయన చిత్రంలో గ్రహాలు సూర్యుడి చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాయి. అంకెలు చాలావరకు సరైనవే, అమరిక కాదు.

మాండ్ ఓడేది గెలాక్సీ గడప దాటాక. గెలాక్సీల గుంపుల్లో అది చెప్పే లెక్కకి ఇంకా దాదాపు రెట్టింపు పదార్థం కావాలి, అంటే వద్దన్నదే మళ్లీ అడగాలి. 2006లో బుల్లెట్ క్లస్టర్ ఫలితం వచ్చింది. రెండు గుంపులు ఢీకొన్నాయి. కనబడే పదార్థంలో ఎక్కువ భాగమైన వేడి వాయువు మధ్యలో చిక్కుకుపోయింది. దాన్ని చూపించింది మన చంద్రశేఖర్ పేరు పెట్టుకున్న చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపే. కానీ వెనక నుంచి వచ్చే వెలుగు వంగిన తీరు చూస్తే, బరువు వాయువు దగ్గర లేదు, దాన్ని దాటి ముందుకెళ్లిపోయింది. గురుత్వం సూత్రాన్ని ఎంత వంచినా, బరువుని పదార్థం లేని చోట చూపించడం కష్టం. ప్లాంక్ ఉపగ్రహం కొలిచిన, విశ్వం తొలినాటి వెలుగులోని హెచ్చుతగ్గులు కూడా విశ్వంలో మామూలు పదార్థం 5 శాతం, కృష్ణ పదార్థం 27 శాతం దగ్గర చక్కగా కుదురుతాయి. మాండ్‌ని ఐన్‌స్టీన్ సిద్ధాంతంతో కలపడానికి బెకెన్‌స్టీన్ 2004లో ఒక రూపం కట్టాడు. దాని లెక్కలో గురుత్వ తరంగాలూ వెలుగూ ఒకే వేగంతో రాకూడదు. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న గురుత్వ తరంగం, గామా వెలుగు 13 కోట్ల కాంతి సంవత్సరాలు ప్రయాణించి 1.7 సెకన్ల తేడాతో వచ్చేసరికి అది కుప్పకూలింది. 2021లో వచ్చిన స్కోర్డిస్, జ్లోస్నిక్‌ల రూపం ఆ తొలినాటి వెలుగునీ సరిపెట్టింది, నిజమే. కానీ అందుకు కొత్త క్షేత్రాలు చేర్చుకుంది. ఒక్క అంకెతో అన్న గొప్ప అక్కడ పోయింది.

కృష్ణ పదార్థం ఓటమి ఒక్కటే, కానీ పెద్దది: దొరకలేదు. అమెరికాలో దక్షిణ డకోటాలో కిలోమీటరున్నర లోతున 10 టన్నుల ద్రవ జెనాన్ పెట్టుకుని ఆ పదార్థపు కణాల కోసం లక్స్-జెప్లిన్ ప్రయోగం కూర్చుంది. ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద జెనాన్ ఎన్‌టీ కూర్చుంది. మనకు దగ్గర్లో జార్ఖండ్ జాదుగుడా యురేనియం గనిలో 555 మీటర్ల లోతున కూడా ఒక ప్రయోగశాల ఉంది. ఎక్కడా కణం చిక్కలేదు. చిక్కకపోతే ఇంకా తేలికైనదనో, ఇంకా అంటీముట్టనిదనో అనొచ్చు. ఇలా ఎప్పటికీ అంటూ పోవచ్చు, నాకు నచ్చనిది అదే.

రెండు పడవల మీదా కాలు పెట్టిన బృందమూ ఉంది. బెరెజియాని, ఖౌరీ 2015లో ప్రతిపాదించిన కృష్ణ పదార్థం గెలాక్సీలో అతిద్రవంలా (రాపిడి లేకుండా పారే ద్రవంలా) మారి మాండ్‌లా నటిస్తుంది, గుంపుల్లో మామూలుగా ఉంటుంది. తెలివైన ఆలోచనే, ఇంట్లోనూ బయటా ఆడే స్విచ్ నింటెండోని నిలబెట్టినట్టు ఇది నిలబడుతుందో లేదో తేలలేదు.

నేను కృష్ణ పదార్థం పక్షాన తీర్పిచ్చాను, వల్కన్ భయం మనసులో ఉంచుకునే. అది గెలిచే చోట్లు వేర్వేరు కాలాలవి, వేర్వేరు కొలతలవి. మాండ్ గెలిచేది ఒకే తావులో. కాకపోతే ఆ తావులో అది ఎంత గట్టిగా గెలుస్తోందంటే, దాన్ని వివరించని కృష్ణ పదార్థ సిద్ధాంతం ఏదీ పూర్తయినట్టు కాదు. స్నేహితురాలు ఒప్పుకోలేదు. దూరదూరంగా తిరిగే జంట నక్షత్రాల మీద గయా ఉపగ్రహం డేటా చూడమంది. చూస్తే, 2023లో అదే డేటా మీద ఒక బృందం మాండ్ కనబడిందంది, ఇంకో బృందం గట్టిగా కాదంది. అక్కడ మాండ్ తేలితే నా తీర్పు మారుతుంది. అంత చిన్న జంటల్లో లాగడానికి సరిపడా కృష్ణ పదార్థం ఉండదు.

వాళ్లిద్దరూ ప్రాజెక్టు కలిసే చేయాలట. 175 గెలాక్సీల వేగాలున్న స్పార్క్ డేటా ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్ చాలు. మసక గెలాక్సీలు కొన్ని తీసుకుని మేనకోడలినే మాండ్‌తో లెక్క వేయమన్నాను. స్నేహితురాలికి కోమా గుంపు ఇచ్చాను.