ఏడాదిన్నరగా వాడుతున్న జెల్ కంటి మాస్క్: ఉబ్బు దిగుతుంది, కానీ మళ్లీ వస్తుంది

"రాత్రి ఏడ్చావా?" అని ఆఫీసులో నన్ను అడగనివాళ్లు లేరు. పొద్దున లేచేసరికి కళ్ల కింద సంచుల్లా ఉబ్బేవి, మధ్యాహ్నం భోజనాల వేళకి వాటంతట అవే దిగిపోయేవి. దానికోసమే 250 రూపాయలు పెట్టి ఈ నీలం మాస్క్ కొన్నాను, లోపల పూసల్లాంటి జెల్ గుళికలు ఉండే రకం.

పని చేస్తుంది. రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో ఉంచి పొద్దున పది నిమిషాలు పెట్టుకుంటే, చల్లదనానికి రక్తనాళాలు కుంచించుకుని అద్దంలో తేడా కనిపిస్తుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకండి. ఒకసారి అలా పెట్టి నేరుగా వేసుకుంటే కంటి కింద చర్మం కందిపోయి రెండు రోజులు మండింది, అప్పట్నుంచి పల్చటి కాటన్ రుమాలు వేసుకుని దాని మీద పెట్టుకుంటున్నాను. వెల్‌క్రో పట్టీ జుట్టు పీకేస్తుంది. పదకొండో నెలలో ముక్కు దగ్గర అతుకు విడి జిగట కారింది, కంట్లో పడకముందే చూసి పారేసి ఇంకోటి కొన్నాను.

ఇంత చేసినా మర్నాడు పొద్దున మళ్లీ అదే మొహం. అసలు సంగతి నా రాత్రి కంచంలో ఉంది: పది గంటలకి పెరుగన్నం, ఆవకాయ, రెండు ఊరమిరపకాయలు, ఒక అప్పడం. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, పడుకున్నప్పుడు ఆ నీరు కళ్ల కింది పల్చటి వదులు చర్మంలో చేరుతుంది, లేచి తిరిగితే కిందికి దిగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పే తినమంటుంది, అంటే ఒక టీ స్పూను కూడా నిండదు. రాత్రిపూట పచ్చళ్లు మానేసి, తల కింద ఇంకో దిండు వేసుకున్నాక నెల రోజుల్లో సగానికి పైగా తగ్గింది. మిగిలింది దురదపెట్టి నలుపుకోవడం వల్ల వచ్చిన వాపు, కంటి డాక్టరు రెప్ప తిప్పి చూసి అలర్జీ అని చుక్కలు రాశారు. దయచేసి మందుల షాపులో అడిగి ఏవో చుక్కలు తెచ్చుకోకండి, స్టెరాయిడ్ ఉన్నవి ఎక్కువ రోజులు వాడితే కంట్లో ప్రెషర్ పెరగొచ్చు.

మాస్క్‌కి అయిదుకి మూడున్నర ఇస్తాను. వయసుతో కొవ్వు ముందుకి జారి వచ్చే సంచులకి మాత్రం దీనితో లాభం లేదు, మా నాన్నగారికి పెట్టి చూశాం. ఒక్క కన్నే ఎర్రగా వాచి నొప్పో, జ్వరమో, చూపు మసకో ఉంటే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.

ఇంకొకటి. మా పిన్ని కూడా ఈ మాస్క్ అడిగింది. ఆవిడకి మొహం సాయంత్రమైనా దిగడంలేదు, పాదాలు నొక్కితే గుంట పడుతోంది, మూత్రం నురగ వస్తోందని అడిగితే చెప్పింది. మాస్క్ ఇవ్వకుండా పరీక్షకి తీసుకెళ్లాను. మూత్రంలో ప్రొటీన్ పోతోంది, కిడ్నీ సమస్య. థైరాయిడ్ పరీక్ష కూడా చేశారు, అది బాగానే ఉంది. ఇప్పుడు మందులు వాడుతోంది, మొన్న చూస్తే చెప్పులు మళ్లీ కాళ్లకి పడుతున్నాయి.