బ్యాచ్ ప్రాజెక్టుకి గూగుల్ డాక్స్: వెర్షన్ హిస్టరీ మీద నా రివ్యూ

బీటెక్ ఫైనల్ ఇయర్‌లో మేజర్ ప్రాజెక్టుకి నలుగురిని ఒక బ్యాచ్‌గా వేస్తారు, మార్కులేమో చాలాచోట్ల నలుగురికీ ఇంచుమించు ఒకటే పడతాయి. పని మాత్రం ఒకరిద్దరి నెత్తిన పడుతుంది, ప్రాజెక్టు ఎంతవరకు వచ్చిందో కాలేజీలో చూసే రివ్యూ ముందురోజు రాత్రి వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలవుతుంది. ఈ గొడవకి గూగుల్ డాక్స్ ఎంతవరకు పనికొస్తుందో రాద్దామని కూర్చున్నాను, ఎందుకంటే ఇప్పుడు ప్రాజెక్టు మొదలుపెడుతున్న జూనియర్లు దీన్ని రిపోర్టు టైప్ చేసుకోవడానికే వాడుతున్నారు, లోపల ఉన్న వెర్షన్ హిస్టరీ జోలికి వెళ్లడం లేదు.

ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీ తెరిస్తే కుడివైపు తేదీలు, టైములు, వాటి కింద పేర్లు వస్తాయి. ఒక తేదీ నొక్కితే అప్పుడు ఎవరు ఏం కలిపారో వాళ్లవాళ్ల రంగులో కనిపిస్తుంది. మా బ్యాచ్‌లో సెకండ్ రివ్యూ ముందు ఒకతను లిటరేచర్ సర్వే చాప్టర్ (ఆ విషయం మీద ఇంతకుముందు జరిగిన పనుల గురించి రాసేది) తనే రాశానని గట్టిగా వాదించాడు. హిస్టరీ తెరిచాం. ఆ చాప్టర్ నిండా ఒకటే రంగు, అది అతనిది కాదు. అతని రంగులో ఉన్నవి మొదటి పేజీలో తన పేరు, హాల్‌టికెట్ నంబరు, అంతే. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపాగి, టెస్టింగ్ చాప్టర్ నాకివ్వండి అని అతనే అడిగాడు, ఇచ్చాం, టెస్ట్ కేసుల టేబుల్ చాలా శ్రద్ధగా వేశాడు. అదే గొడవ నోటిమాట మీద నడిచి ఉంటే నలుగురం ఇంకా మాట్లాడుకునేవాళ్లం కాదేమో.

అయితే ఇది చూపించేది ఎవరు టైప్ చేశారన్నది, ఎవరు పని చేశారన్నది కాదు. సీనియర్ల రిపోర్టులోంచి పది పేజీలు తెచ్చి అతికించినా అవన్నీ అతికించినవాళ్ల పేరునే పడతాయి. ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే ల్యాప్‌టాప్‌లో రాస్తే లాగిన్ ఎవరిదో వాళ్ల పేరే వస్తుంది. రాత్రంతా ఎర్రర్లతో కుస్తీ పట్టి కోడ్ నడిపించిన మనిషి పేరున డాక్‌లో ఒక్క లైను కూడా ఉండకపోవచ్చు. అందుకని కోడ్‌ని గిట్‌హబ్‌లో (కోడ్ మార్పులన్నీ పేర్లతో సహా దాచే వెబ్‌సైట్) పెట్టి, ఎవరి అకౌంట్ నుంచి వాళ్లు కమిట్ చేయడం, అంటే తమ మార్పుల్ని అందులో నమోదు చేయడం, తప్పనిసరి, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే లెక్క తేలుతుంది.

సెట్టింగుల్లో రెండు మూడు చూసుకోండి. లింకు ఉన్న ఎవరైనా ఎడిట్ చేయొచ్చు అని వదిలేస్తే లాగిన్ లేకుండా వచ్చినవాళ్ల మార్పులు పేరు లేకుండా పడతాయి, కాబట్టి మెయిల్ ఐడీలతోనే చేర్చండి. ప్రాజెక్టు చూసుకునే లెక్చరర్, అంటే గైడ్ గారికి వ్యూయర్‌గా (చదవడానికి మాత్రమే) ఇస్తే ఆయనకి హిస్టరీ కనపడదు, ఎడిటర్‌గా ఇవ్వాలి. ఫైల్ కాపీ తీసినా, వర్డ్‌లోకి డౌన్‌లోడ్ చేసినా ఆ కొత్త ఫైల్‌లోకి పాత హిస్టరీ రాదు.

మొదటి రోజు నుంచే వాడమని ఎందుకంటున్నానంటే, 1979లో లటానే, విలియమ్స్, హార్కిన్స్ అనే అమెరికన్ సైకాలజిస్టులు విద్యార్థుల చేత చప్పట్లు కొట్టించి, కేకలు పెట్టించి చూశారు, గుంపులో ఉన్నప్పుడు ఒక్కొక్కరు చేసే శబ్దం తగ్గింది. తర్వాత వాళ్లే చేసిన ఇంకో ప్రయోగంలో, ఎవరి శబ్దం ఎంతో విడిగా తెలుస్తుందని ముందే చెబితే ఆ తగ్గడం పోయింది. అంటే పని ఎగ్గొట్టేవాళ్లందరూ చెడ్డవాళ్లేం కాదు, తమ వంతు కనపడుతుందని తెలిస్తే చాలామంది చేస్తారు. చివర్లో దొంగని పట్టుకోవడానికి తెరిస్తే మిగిలేది పగే.

ఇంకొక మాట చెప్పాలి, ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. చాలా బ్యాచుల్లో డాక్యుమెంటేషన్ తీసుకెళ్లి అమ్మాయిల మీద పెడతారు, నువ్వు నీట్‌గా రాస్తావు కదా అని. వంద పేజీల రిపోర్టు, యూఎంఎల్ డయాగ్రమ్స్ (సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో చూపే బొమ్మలు), పీపీటీ అన్నీ ఆ అమ్మాయే చేస్తుంది, వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ కోడ్ గురించి అడిగేసరికి చెప్పలేక నిలబడుతుంది, ఎందుకంటే ఆ కోడ్ ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు. రిపోర్టంతా ఒకే రంగులో కనపడితే మిగతావాళ్లు బద్ధకించారని మాత్రమే అనుకోకండి, ఆ ఒక్కరిని కోడ్ దగ్గరికి రానివ్వలేదేమో కూడా చూడండి. గైడ్లు కూడా చూడాలి.

డబ్బులేం కట్టక్కర్లేదు, ఉచిత అకౌంట్‌కి వచ్చే 15 జీబీ ప్రాజెక్టు రిపోర్టుకి చాలా ఎక్కువ. కామెంటులో మెయిల్ ఐడీ పెట్టి ఫలానా సెక్షన్ నీది అని అసైన్ చేస్తే వాళ్లకి మెయిల్ కూడా వెళ్తుంది, నాకు చెప్పలేదు అనే మాట ఉండదు. ఐదుకి నాలుగు ఇస్తాను. జీరోత్ రివ్యూ, అంటే మొట్టమొదటి రివ్యూ నాటికే గైడ్ గారిని ఎడిటర్‌గా చేర్చండి, ఫైనల్ వైవా వారంలో చూపిస్తే ఆయన మాత్రం ఏం చేయగలరు, అప్పటికి పంచడానికి పనే ఉండదు.