పెద్ద తెర, సన్నని మొన: బొమ్మల కోసం మూడు ఫోన్లు వాడిన అనుభవం

పెద్ద తెర ఉన్న ఫోను కొనేవారు సాధారణంగా కెమెరా, బ్యాటరీ, ప్రాసెసర్ చూసి బేరీజు వేసుకుంటారు. నేను మాత్రం బొమ్మలు గీసుకోవడానికి ఏది పనికొస్తుందన్న ఒక్క లెక్కతోనే ఎంచుకున్నాను. రెండున్నరేళ్లుగా శామ్‌సంగ్ వారి గెలాక్సీ ఎస్‌23 అల్ట్రా నా రోజువారీ ఫోను, నా స్కెచ్ పుస్తకం కూడా అదే. అంతకుముందు ఏడు నెలలు ఐఫోన్ 14 ప్రో మ్యాక్స్‌తోనూ, మధ్యలో మా అన్నయ్య దగ్గర అడిగి తీసుకున్న, పుస్తకంలా మడతపడే గెలాక్సీ జెడ్ ఫోల్డ్5తో దాదాపు రెండు నెలలూ ఇదే పని చేసి చూశాను. కెమెరాల గురించి, ఆటల గురించి రాసినవారు ఇప్పటికే ఎందరో ఉన్నారు కనుక ఆ జోలికి వెళ్లను. మొన తెరకు తగిలిన చోట గీత పడుతుందా, పడిన గీత చేతి మాట వింటుందా అన్నదే ఇక్కడ విషయం.

ఐఫోన్‌తో మొదలుపెడతాను. ఆపిల్ సంస్థ 2015లో ఐప్యాడ్ ప్రోతో పాటు ఆపిల్ పెన్సిల్‌ను తెచ్చింది గానీ, దానిని ఐఫోన్లు గుర్తించవు. అందువల్ల ఐఫోన్ మీద గీయాలంటే వేలైనా కావాలి, వేలిని అనుకరించే కెపాసిటివ్ స్టైలస్ అయినా కావాలి. ఇటువంటి తెర, వేలు తగిలినప్పుడు తన విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును పసిగడుతుంది. కాబట్టి స్టైలస్ మొన కూడా వేలికొనలా కాస్త వెడల్పుగా, మెత్తగా ఉండాలి. నేను వాడిన రబ్బరు మొన బఠాణీ గింజంత ఉండేది. ముఖం గీస్తూ కనురెప్ప దగ్గరికి వచ్చేసరికి ఆ మొన కింద కన్ను మొత్తం దాగిపోయేది. గీత ఎక్కడ పడిందో చేయి ఎత్తితే తప్ప తెలియదు. సన్నని మొన ఉండి బ్యాటరీతో పనిచేసే స్టైలస్ కొన్నాక గురి కొంత కుదిరింది, కానీ ఎంత నొక్కి పట్టినా గీత మందం మారలేదు. వేగాన్ని బట్టి గీతను సన్నం, లావు చేసే ఏర్పాటు యాప్‌లలో ఉన్నప్పటికీ, నెమ్మదిగా సన్నని గీత గీయాలనుకున్నప్పుడు అది సరిగ్గా మన ఉద్దేశానికి ఎదురు తిరుగుతుంది. న్యాయంగా చెప్పాలంటే ఐఫోన్‌లో బొమ్మలు గీయడానికి ప్రొక్రియేట్ పాకెట్ చాలా మంచి యాప్. రంగులు నింపడానికి, బొమ్మలో ఏది ఎక్కడ రావాలో చూసుకోవడానికి 6.7 అంగుళాల ఆ తెర బాగానే సరిపోయింది. గీతే ప్రాణంగా ఉన్న బొమ్మలకు మాత్రం సరిపోలేదు.

గెలాక్సీ అల్ట్రా ఫోన్ల ఒంట్లోనే అమరి ఉండే ఎస్ పెన్ అనే పెన్ను పనితీరు దీనికి పూర్తిగా భిన్నం. 2011లో ఎస్ పెన్‌తో 5.3 అంగుళాల మొదటి గెలాక్సీ నోట్ ఫోను వచ్చినప్పుడే (ఆ తెరను అప్పట్లో చాలామంది మరీ పెద్దదని నవ్వారు, ఇప్పుడది చిన్న ఫోను కిందికి వస్తుంది) వాకామ్ సంస్థ వారి విద్యుదయస్కాంత అనునాద పద్ధతిని అందులో వాడారు. తెర వెనక ఉన్న పలుచని పొర సంకేతాలు పంపుతుంది. పెన్నులోని తీగచుట్ట వాటి నుంచే శక్తి తీసుకుని బదులిస్తుంది. మొనను నొక్కినప్పుడు ఆ బదులులో వచ్చే తేడాను బట్టి ఎంత బలంగా నొక్కామో ఫోను లెక్కగడుతుంది. అందుకే రాయడానికి, గీయడానికి పెన్నులో బ్యాటరీ అవసరం లేదు. ఎస్‌23 అల్ట్రా పెన్ను ఒత్తిడిని 4096 స్థాయిలలో గుర్తిస్తుందని ప్రకటనలో ఉంటుంది. అన్ని స్థాయిల తేడా ఏ చేతికీ తెలియదు. కానీ ఒత్తిడి అసలు తెలియని పెన్నుకూ, తెలిసే పెన్నుకూ మధ్య ఉన్న తేడా మొదటి గీతలోనే తెలుస్తుంది.

నేను పెన్నును పరీక్షించేది తెలుగు అక్షరాలతో. తలకట్టు సన్నగా మొదలై, మలుపు దగ్గర లావై, చివర మళ్లీ తేలిపోవాలి. సున్నా మొదలైన చోటే ముగియాలి. ఎస్‌23 అల్ట్రా మీద ఇన్ఫినిట్ పెయింటర్ అనే బొమ్మల యాప్‌లో సిరా బ్రష్ తీసుకుని ‘అంకణం’ అని రాస్తే అక్షరాల్లో చేతి కదలిక కనిపించింది. ఐఫోన్ మీద రాసిన అదే మాట తీగను వంచి చేసినట్టు ఒకే మందంతో వచ్చింది. ఇంకో సౌకర్యం ఏమిటంటే, మొన తెరకు ఇంకా తగలకముందే, కొద్ది మిల్లీమీటర్ల ఎత్తులో ఉండగానే కింద ఒక చుక్క కనిపిస్తుంది. కంటిపాపలో మెరుపు చుక్క పెట్టవలసిన చోటు ముందుగా చూసుకుని దించవచ్చు. అరచేయి తెర మీద ఆన్చినా పెన్ను దగ్గరగా ఉన్నంతసేపు ఫోను దానిని పట్టించుకోదు. అయితే పెన్ను పైకెత్తి ఆలోచిస్తున్నప్పుడు ఎడమచేతి బొటనవేలు అంచుకు తగిలి బొమ్మ మీద ఒక గీటు పడటం మొదట్లో చాలాసార్లు జరిగింది. పెన్నుతో మాత్రమే గీతలు పడేలా, వేళ్లు కాగితాన్ని జరపడానికే పనికొచ్చేలా పెట్టుకునే అమరిక చాలా యాప్‌లలో ఉంటుంది. మొదటి రోజే దానిని వెతికి పెట్టుకోవడం మంచిది.

ఈ రకం పెన్నులకు ఒక బలహీనత ఉంది. తెర మీద స్కేలు పెట్టి ఏటవాలుగా ఒక గీతను చాలా నెమ్మదిగా గీయండి. గీత తిన్నగా రాకుండా చిన్న చిన్న అలలుగా వస్తుంది. తెర వెనక తీగలు అడ్డంగా, నిలువుగా గడులలా పరిచి ఉంటాయి. మొన ఒక తీగను దాటి మరో తీగ మీదికి వెళ్లేటప్పుడు లెక్కలో వచ్చే చిన్న పొరపాటే ఆ అల. అడ్డ గీతల్లోనూ నిలువు గీతల్లోనూ అది కంటికి ఆనదు. వేగంగా గీస్తే ఏటవాలు గీతల్లో కూడా కనిపించదు. ఆకులు, బట్టల మడతలు, జుట్టు గీసేవారు దీని గురించి బెంగ పెట్టుకోవలసిన పని లేదు. కానీ నాకు ఇళ్ల కప్పులు, మెట్లు గీసే అలవాటు ఉంది. మొదటి నెలంతా నా చేయి వణుకుతోందేమోనని అనుమానపడ్డాను. యాప్‌లో గీత వణుకును సరిదిద్దే స్టెబిలైజర్‌ను పెంచితే అలలు తగ్గుతాయి, కాకపోతే గీత మొన వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది.

ఫోల్డ్5 తెరిచినప్పుడు 7.6 అంగుళాలు. కాగితం వైశాల్యం చూస్తే మూడింటిలో దానిదే పైచేయి, ఇద్దరు మనుషుల బొమ్మలను పక్కపక్కన ఇరుకు లేకుండా గీయగలిగాను. అయితే దాని లోపలి తెర మెత్తనిది కాబట్టి మామూలు ఎస్ పెన్ దాని మీద వాడకూడదు. ఎక్కువ నొక్కితే మొన లోపలికి పోయే ప్రత్యేకమైన పెన్ను విడిగా కొనుక్కోవాలి. మధ్యలో ఉన్న మడత దగ్గర మొన పల్లంలోకి దిగి ఎక్కినట్టు చేతికి తెలుస్తుంది. కొన్నాళ్లకు కన్ను ఆ మడతను మరిచిపోతుంది గానీ చేయి మరిచిపోదు. నిజానికి నన్ను వెనక్కి లాగింది మడత కాదు, పెన్నుకు ఫోను ఒంట్లో చోటు లేకపోవడం. కవరుకు తగిలించుకుంటే ఫోను మరీ లావైపోయింది. ఇంట్లో పెట్టి వెళ్తే గీయాలనిపించినప్పుడు పెన్ను దగ్గర లేదు. ఆ రెండు నెలల్లో నేను గీసిన బొమ్మలు తొమ్మిది. ఎస్‌23 అల్ట్రాతో అంతకన్నా ఎక్కువ ఒక్క వారంలో గీసిన సందర్భాలున్నాయి.

ఎస్‌23 అల్ట్రా వాడకం మొదలైన ఏడాదికి ఒక వింత అనుభవం ఎదురైంది. తెర మధ్య భాగంలో గీతలు తెగిపోతున్నాయి. పై నుంచి ఒక గీత దించితే మధ్యలో రూపాయి బిళ్లంత మేర ఖాళీ వదిలి, కింద మళ్లీ మొదలవుతోంది. పెన్ను పాడైందనుకుని మరొకటి కొన్నాను, అదీ అంతే. మరమ్మతు కేంద్రానికి తీసుకువెళ్తే అక్కడివారు ఫోనును అటూ ఇటూ తిప్పి చూసి తెర మొత్తం మార్చాలన్నారు. ఆ మాట విని దిగులుతో ఇంటికి వచ్చి, తుడుద్దామని కవరు తీసి పక్కన పెట్టి, అలవాటుగా ఒక గీత గీస్తే అది పై నుంచి కింది దాకా నిక్షేపంగా వచ్చింది. అంతకు వారం ముందు కొన్న కొత్త కవరులో, ఛార్జర్ అతుక్కోవడానికి అయస్కాంతాల వలయం ఉంది. పెన్ను పనిచేసేదే విద్యుదయస్కాంత సంకేతాలతో అయినప్పుడు వెనక అయస్కాంతం పెడితే ఏమవుతుందో నాకు ముందే తట్టి ఉండాల్సింది. పెన్నున్న ఫోనుకు అయస్కాంతం ఉన్న కవరు, కారులో తగిలించే అయస్కాంతపు పట్టీ కొనేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

గాజు మీద మొన జారిపోతుందని కాగితంలా గరుకుగా ఉండే ఫిల్మ్ కూడా వేయించి చూశాను. గీయడం ఎంత హాయిగా మారిందంటే, మొదటి వారం పనులు మానుకుని గీశాను. మూడు నెలలు తిరిగేసరికి మొన ఒక పక్కకు అరిగిపోయి ఉలి అంచులా తయారైంది. పెన్నును వేళ్ల మధ్య కొంచెం తిప్పి పట్టుకుంటే గీత గరగర శబ్దం చేసేది. పట్టకారుతో పాత మొనను లాగేసి కొత్తది గుచ్చడం నిమిషం పని, మొనలు విడిగా దొరుకుతాయి కూడా. కానీ ఆ ఫిల్మ్ వల్ల తెర మీద సన్నని ఇసుక చల్లినట్టు రంగులు మసకబారాయి. దానిని తీసేసి మళ్లీ గాజుకే అలవాటు పడ్డాను. ఈ విషయంలో నా అభిప్రాయం రెండుసార్లు మారింది, మళ్లీ మారినా ఆశ్చర్యం లేదు.

ఫోను బరువు 234 గ్రాములు. చేతిలో పట్టుకుని అరగంట గీస్తే చిటికెన వేలు నొప్పి పుడుతుంది. బల్ల మీద పెడదామా అంటే, వెనక కెమెరా కళ్లు పొడుచుకు వచ్చి ఉండటం వల్ల పై మూలలో గీసిన ప్రతిసారీ ఫోను కుంటి కుర్చీలా ఊగుతుంది. కెమెరాల ఎత్తుకు సమానంగా వీపు ఉన్న మందపాటి కవరు వేసుకుంటే ఆ ఊగడం పోతుంది, అరచేతికి అంచు దగ్గర కాస్త ఆనుడూ దొరుకుతుంది. పక్క అంచులు కొద్దిగా వంపు తిరిగి ఉన్నందున అంచు దాకా గీసేవారికి అక్కడ మొన పట్టు తప్పుతుంది. నేను బొమ్మను ఎప్పుడూ లోపలికి జరుపుకునే గీస్తాను కనుక నాకు ఇబ్బంది కాలేదు. ఇక పెన్ను అర కింద ఎడమ వైపున ఉంటుంది. కుడిచేతి వాటం వారికి అది ఎందుకు అనుకూలమో ఇంతవరకు నాకు బోధపడలేదు.

యాప్‌ల మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. స్కెచ్‌బుక్, ఇన్ఫినిట్ పెయింటర్ రెండూ బొమ్మను ఫోటోషాప్ వాడే పీఎస్‌డీ ఫైలుగా ఇస్తాయి, కాబట్టి ఫోనులో మొదలైన బొమ్మను లేయర్లతో (ఒకదాని మీద ఒకటి పరిచిన పొరలతో) సహా కంప్యూటరులో కొనసాగించవచ్చు. కాగితం కొలత పెరిగినకొద్దీ దొరికే లేయర్ల సంఖ్య తగ్గుతుందన్నది గుర్తుంచుకోవాలి. రంగుల విషయంలో మాత్రం ఒక దెబ్బ తిన్నాను. తెర ‘వివిడ్’ అమరికలో ఉండగా వేసిన కాషాయం, ఆకుపచ్చ రంగులు ఫోనులో నిప్పులా వెలిగి, అచ్చు వేయించాక వెలిసిపోయిన బట్టలా కనిపించాయి. అప్పటి నుంచి తెరను ‘నేచురల్’లోనే ఉంచి గీస్తున్నాను.

ఇన్ని లోపాలు చెప్పి కూడా ఈ ఫోనును ఎందుకు వదలలేదంటే కారణం చాలా చిన్నది. తాళం వేసి ఉన్న ఫోనులోంచి పెన్ను బయటికి లాగగానే నల్లని తెర పలకలా సిద్ధమవుతుంది, దాని మీద వెంటనే గీయవచ్చు. ఒకసారి రైలులో ఎదుటి సీటులో ఒక పెద్దాయన నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. కళ్లజోడు ముక్కు కొసకు జారి ఉంది, మడిచిన పత్రిక చేతిలోంచి జారబోతోంది. యాప్ తెరిచి, కాగితం కొలత ఎంచి, బ్రష్ వెతుక్కునే సరికి ఆయన మేలుకునేవారే. నల్లని తెర మీద నలభై గీతల్లో ఆయన దొరికారు. ఆ బొమ్మలో రంగుల్లేవు, లేయర్లు లేవు. నేను ఈ ఫోనులో గీసినవాటిలో నాకు బాగా నచ్చినది అదే.

ఇప్పుడు కొత్తగా కొనేవారి ముందున్న పరిస్థితి కొంచెం వేరు. ఎస్‌24 అల్ట్రా నుంచి తెర అంచులు చదునుగా వస్తున్నాయి, బొమ్మలకు అది మేలైన మార్పు. 6.9 అంగుళాల ఎస్‌25 అల్ట్రా పెన్నులో బ్లూటూత్ తీసేశారు. దూరం నుంచి ఫోటో తీయడానికి పెన్ను బొత్తాం నొక్కేవారికి అది నష్టమే గానీ, గీయడానికి బ్లూటూత్‌తో పని లేదు. 2025లో వచ్చిన ఫోల్డ్7 పలుచబడింది, అయితే అది అసలు ఎస్ పెన్‌ను గుర్తించదు. అందువల్ల పెద్ద మడత తెర మీద గీయాలన్న ఆశతో ఎవరైనా దానిని కొంటే భంగపడతారు. బొమ్మలే వృత్తి అయినవారికి ఈ ఫోన్లేవీ కాకుండా టాబ్లెట్ మేలని నా ఉద్దేశం.

మొన్న మా మేనకోడలు ఫోను కొంటూ సలహా అడిగితే మూడు పరీక్షలు చెప్పాను: మొన బరువు తప్ప మరేమీ మోపకుండా చుక్క పెట్టి చూడు, తలకట్టుతో నీ పేరు రాసి చూడు, స్కేలు పెట్టి ఏటవాలు గీత నెమ్మదిగా గీసి చూడు. మూడోదానిలో అలలు వచ్చాయని ఫోను చేసింది. వస్తాయి, అయినా తీసుకో అన్నాను. ఎస్‌24 అల్ట్రా తీసుకుంది. వారం తర్వాత ఒక పాత మేడ బొమ్మ పంపింది. మెట్ల పక్కన ఏటవాలు కటకటాలు, ఒక్క గీతా వంకర లేదు. స్టెబిలైజర్ ఎంత పెంచావని అడిగాను. అసలు పెట్టలేదట. యాప్‌లో కాగితాన్ని ఏటవాలుగా తిప్పుకుని, ఆ గీతలన్నిటినీ నిలువు గీతలుగా గీసిందట. రెండున్నరేళ్లలో అది నాకు తట్టలేదు.