ఎనిమిదేళ్లుగా నా జిప్సీ, పక్కనే బావమరిది థార్

పాడేరు దగ్గర మాకున్న కాఫీ తోటకు చేరాలంటే చివరి నాలుగు కిలోమీటర్లూ ఎర్రమట్టి దారే. మధ్యలో ఒక గెడ్డ దాటాలి. 2017లో ఆ దారి కోసం పాత బండి వెతుకుతుంటే చివరికి రెండు మిగిలాయి: 2012 మోడల్ మారుతి జిప్సీ, అదే ఏటి మహీంద్రా థార్ సీఆర్‌డీఈ (డీజిల్ రకం). జిప్సీ నేను తీసుకున్నాను, థార్‌ను మా బావమరిది కొన్నాడు. అందువల్ల ఈ ఎనిమిదేళ్లూ రెండింటినీ ఒకే బురదలో నడిపి చూడగలిగాను.

అంకెల్లో థార్‌దే పైచేయి. దాని 2.5 లీటర్ల డీజిల్ ఇంజనుకు 105 హార్స్‌పవర్, 247 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం) ఉంటే, జిప్సీలోని 1.3 లీటర్ల పెట్రోల్ ఇంజనుకు 80 హార్స్‌పవర్, 103 న్యూటన్ మీటర్లే. ఘాట్‌లో నలుగురితో, కాఫీ బస్తాలతో ఎక్కేటప్పుడు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. థార్ మూడో గేరులో సాగిపోయే మలుపులో జిప్సీని రెండో గేరులో పెట్టి ఇంజనును అరిపించాలి. అయితే శ్రావణ మాసపు బురదలో లెక్క తారుమారవుతుంది. జిప్సీ బరువు టన్నుకు కాస్త అటూఇటూ, థార్ టన్నున్నరకు పైమాటే. చక్రం కూరుకుపోయిన జిప్సీని నలుగురు కూలీలు నెట్టి గట్టెక్కించిన సందర్భాలున్నాయి. థార్ అంతగా దిగబడితే ట్రాక్టరు రావలసిందే.

సుఖం మాట అడగకండి. జిప్సీకి ముందూ వెనకా కమాను కట్టలే (లీఫ్ స్ప్రింగులు) కాబట్టి ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు. థార్‌కు ముందువైపు టార్షన్ బార్ సస్పెన్షన్ (మెలితిరిగే ఉక్కు కడ్డీయే స్ప్రింగులా పనిచేసేది) ఉండటం వల్ల కుదుపు తక్కువ. థార్ వైపే మొగ్గేవారు 2015 తర్వాతి మోడల్ చూడటం మంచిది, వెనక ఇరుసుకు లాకింగ్ డిఫరెన్షియల్ (ఒక చక్రం జారినా రెండూ కలిసి తిరిగేలా చేసేది) అప్పుడే వచ్చింది.

ఏది కొన్నా జేబులో స్క్రూడ్రైవర్ వేసుకుని వెళ్లండి. ఈ జిప్సీకి ముందు నేను చూసిన మరో జిప్సీకి అడుగున కొత్త నల్లరంగు నిగనిగలాడుతోంది. వెనక కమాను కట్ట బిగించిన చోట చాసీని (బండిని మోసే ఇనుప చట్రాన్ని) పొడిచి చూస్తే మొన అంగుళం లోపలికి దిగి, తుప్పు పొట్టులా రాలింది. పాత యజమాని సముద్రపు ఇసుకలో తిప్పి కడగకుండా వదిలేశాడని తర్వాత తెలిసింది. ఇంజను చెడితే బాగుచేయించుకోవచ్చు, పుచ్చిన చాసీ జోలికి మాత్రం పోకూడదు.

ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద పెట్టిన ఆంక్షల వల్ల అక్కడి థార్‌లు చవకగా కనిపిస్తూ వచ్చాయి. ఎన్‌ఓసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) తెచ్చుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాక ఆ చవక ఎంత మిగులుతుందో ముందే లెక్క వేసుకోవాలి.

నా బండికి 2027తో పదిహేనేళ్లు నిండుతాయి. ఫిట్‌నెస్ చేయించి మరో ఐదేళ్లకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలని ఉంది. ఈలోగా వెనక కమాను కట్టలు మార్చాలి, చాసీకి మరో పూత వేయించాలి.