నాలుగున్నరేళ్ల ఏబీఏ థెరపీ: ‘వద్దు’ కార్డు ముందే ఎందుకు ఇవ్వలేదు?

మా వాడికి ఆటిజం ఉంది, ఎనిమిదేళ్లు నిండాయి. మూడున్నరేళ్లప్పుడు ఏబీఏ అనే బిహేవియర్ థెరపీలో చేర్పించాం, ఇంకా వెళ్తున్నాడు. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, సరిగ్గా చేసినప్పుడల్లా ఇష్టమైనది ఇచ్చి నేర్పే పద్ధతి అది. అంతకన్నా వివరాల్లోకి వెళ్లను. ఇది చదివేవాళ్లు చాలామంది అసెస్‌మెంట్ రిపోర్టు చేతికొచ్చాక ఏ సెంటర్‌లో చేర్పించాలా అని రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని వెతుకుతూ ఉంటారు. నేనూ అలాగే వెతికాను.

నేను చెప్పాలనుకున్నది ఒక కార్డు గురించి. లామినేట్ చేసిన చిన్న కార్డు. దాని మీద అడ్డంగా చాపిన ఎర్రటి చెయ్యి బొమ్మ, కింద ‘వద్దు’ అన్న మాట. అది మా వాడి చేతికి రావడానికి రెండేళ్లు పట్టింది. మొదటి నెలలోనే వచ్చి ఉండాల్సింది. నా బాధంతా దాని గురించే.

ముందు మంచి చెప్తాను. మా వాడికి మాటలు లేవు. దాహమేసినా ఏడుపే, లైటు కళ్లలో పడినా ఏడుపే, ఆకలేసినా ఏడుపే. నీళ్లిస్తే గ్లాసు విసిరేసేవాడు, బిస్కెట్ ఇస్తే అదీ విసిరేసేవాడు. మాకు అర్థమయ్యేలోపు తల గోడకేసి కొట్టుకునేవాడు. మా అత్తయ్య గోడకీ వాడి తలకీ మధ్య తన అరచెయ్యి పెట్టి గంటలు గంటలు కూర్చునేది.

సెంటర్‌లో పెక్స్ మొదలుపెట్టారు. బొమ్మ కార్డు చేతికిచ్చి కావాల్సింది తీసుకునే పద్ధతి. 1985లో అమెరికాలో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్ అనే ఇద్దరు తయారుచేశారు. చేసేటప్పుడు దగ్గరుండి చూశాను కాబట్టి చెప్తున్నాను, అది చాలా అందంగా ఉంటుంది. వాడికిష్టమైన జంతిక ఒకామె చేత్తో పట్టుకుని ఎదురుగా కూర్చుంది. ఇంకొకామె వాడి వెనకాల కూర్చుంది. ఎవ్వరూ ‘ఏం కావాలి నాన్నా?’ అని అడగకూడదు. వాడు జంతిక కోసం చెయ్యి చాపగానే వెనకామె మాట్లాడకుండా ఆ చేతిని కార్డు మీదికి తీసుకెళ్లి, కార్డు పట్టించి, ఎదురుగా ఉన్నామె అరచేతిలో పెట్టించింది. ఆమె ‘జంతిక!’ అని వెంటనే ఇచ్చేసింది. వెనకామె సాయం రోజురోజుకీ తగ్గిస్తూ వచ్చారు.

మూడో వారం అనుకుంటా. పొద్దున పదకొండు గంటలకి అత్తయ్య వంటింట్లో చిక్కుడుకాయలు వలుస్తోంది. వాడు హాల్లో ఉన్న కార్డుల పుస్తకం దగ్గరికి వెళ్లి, పెరుగన్నం బొమ్మ పీకి, నడుచుకుంటూ వెళ్లి ఆవిడ ఒళ్లో పెట్టాడు. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. ఆవిడ ఆ కార్డు పట్టుకుని ఏడుస్తూనే అన్నం కలిపింది. తర్వాత రెండు నెలల్లో తల కొట్టుకోవడం బాగా తగ్గింది. 1985లోనే కార్, డ్యూరాండ్ అనే ఇద్దరు పరిశోధకులు రాసిన మాట ఇదే: పిల్లాడి అల్లరి కూడా ఒక మాటే, అదే పని చేసిపెట్టే సులువైన మాట ఇంకొకటి నేర్పితే అల్లరి అవసరం తగ్గుతుంది. మా ఇంట్లో అది అక్షరాలా జరిగింది.

టాయిలెట్ కూడా థెరపీ వల్లే వచ్చింది. ఇరవై నిమిషాలకోసారి టైమర్ పెట్టి తీసుకెళ్లమన్నారు, నెలా పదిహేను రోజుల్లో డైపర్లు మానేశాం.

అందుకే మొదటి ఏడాది ఎవరు ఫోన్ చేసినా ‘కళ్లు మూసుకుని చేర్పించండి’ అనేదాన్ని. ‘మా వాడు ఇప్పుడు నలభై ఐదు నిమిషాలు కుర్చీలో కదలకుండా కూర్చుంటున్నాడు తెలుసా’ అని కూడా చెప్పేదాన్ని. ఆ రెండు మాటలూ ఇప్పుడు చెప్పను.

స్కూళ్లు తెరిచే రోజులు. ఎల్‌కేజీలో చేరుస్తున్నామని కొత్త షూ కొన్నాం. సెంటర్‌కి కూడా అవే వేసి పంపించాను. ఆ రోజు వరసగా రెండు సెషన్లు. తీసుకురావడానికి వెళ్తే థెరపిస్ట్ నవ్వుతూ వచ్చి, ‘ఈరోజు చాలా కోఆపరేటివ్ మేడమ్, ఇరవై ట్రయల్స్‌లో పద్దెనిమిది కరెక్ట్’ అంది. సంతోషంగా ఇంటికొచ్చాం. షూ విప్పితే ఎడమకాలి సాక్సు ముందువైపు రక్తంతో తడిసి ఉంది. కొత్త షూ ముందుభాగంలో కుక్కే కాగితం ఉండ ఒకటి తియ్యడం నేను మర్చిపోయాను. వేళ్లు ముడుచుకుని, బొటనవేలి గోరు పక్కన చర్మం లేచిపోయింది. గంటన్నర అలాగే కూర్చున్నాడు.

తప్పు నాది, కాదనను. కానీ థెరపీకి ముందు రోజుల్లో అయితే మా వాడు ఆ షూ రెండు నిమిషాలు కూడా ఉంచుకునేవాడు కాదు. విసిరికొట్టి, ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. మరి ఆ రోజు ఎందుకు అరవలేదు?

మర్నాడు వెళ్లి ముందురోజు డేటా షీటు, అంటే సెషన్‌లో వాడు ఏం చేశాడో రాసే కాగితం, చూపించమని అడిగాను. మొదటి పావుగంటలో నాలుగుసార్లు వంగి కాలు పట్టుకున్నాడు. నాలుగుసార్లూ పక్కన ఒకే మాట రాసి ఉంది: ‘సీట్లో కదలిక. రీడైరెక్ట్ చేశాం.’ అంటే మళ్లీ పని వైపు తిప్పారన్నమాట. ఆ తర్వాత వంగలేదు. కదలకుండా కూర్చున్నందుకు చివర్లో జంతిక ఇచ్చారు.

ఆ కాగితం ఇప్పటికీ నా కళ్లముందు నుంచి పోదు. ఆ అమ్మాయి చెడ్డది కాదు, మా వాడంటే ప్రాణం పెట్టేది. ఆమెకి నేర్పినట్టే చేసింది. చేతులు ఒళ్లో, కాళ్లు నేలమీద, కళ్లు నా వైపు. మా వాడికి అప్పటికి కార్డుల పుస్తకంలో నలభైకి పైగా బొమ్మలున్నాయి. అన్నీ కావాల్సినవే. నొప్పి అని చెప్పడానికి గానీ, ఆపమని చెప్పడానికి గానీ ఒక్క బొమ్మ లేదు. పిల్లాడికి అడగడం నేర్పాం, వినడం నేర్పాం, కాదనడం నేర్పలేదు.

ఆ తర్వాతే నేను కూర్చుని చదవడం మొదలుపెట్టాను. చేర్పించిన రోజు సెంటర్‌లో మాకు చెప్పిందేంటంటే, వారానికి 40 గంటలు థెరపీ ఇస్తే సగం మంది పిల్లలు మామూలు పిల్లల్లా అయిపోతారని అమెరికాలో రుజువైందని. అది ఈ థెరపీకి పేరు తెచ్చిన అమెరికా సైకాలజిస్ట్ ఐవార్ లోవాస్ 1987లో అచ్చువేసిన అధ్యయనం. పూర్తి థెరపీ తీసుకున్న పిల్లలు మొత్తం 19 మందే, అందులో 9 మంది మామూలు ఒకటో తరగతి దాటారు. ఏ పిల్లాడికి ఏ థెరపీ అన్నది చీటీలు వేసి నిర్ణయించింది కూడా కాదు. పైగా ఆ పద్ధతిలో గట్టిగా ‘నో’ అని అరవడం, తొడ మీద చరచడం కూడా ఉండేవి. ఇప్పుడు మంచి సెంటర్లలో అవి లేవు, మా సెంటర్‌లోనూ ఎవరూ వాడి మీద చెయ్యి చేసుకోలేదు. కానీ ‘ముందు మాట వినాలి, మిగతావి తర్వాత’ అన్న అలవాటు మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థమైంది. పెద్దవాళ్లైన ఆటిస్టిక్ వ్యక్తులు చాలామంది, చిన్నప్పుడు తమకి సహజంగా వచ్చే చేతులు ఊపడాన్ని ఆపించి, కళ్లలోకి చూడమని చేసిన ట్రైనింగ్ గురించి కోపంగా రాస్తారు. మొదటి ఏడాది అవి ఎక్కడైనా కంటపడితే ‘వీళ్లకి మాటలొచ్చు కదా, మా సంగతి వేరు’ అనుకున్నాను. అలా అనుకోవాల్సింది కాదు.

‘వద్దు’ కార్డు నేర్పండి అని అడిగితే సీనియర్ మేడమ్ ఒప్పుకోవడానికి వెనకాడింది. అది ఇస్తే ప్రతిదానికీ వద్దంటాడు, రెండేళ్ల కష్టం పోతుంది అంది. మా ఆయన నెమ్మదిగా, ‘వద్దననివ్వండి మేడమ్, ఇంట్లో మేం చూసుకుంటాం’ అన్నాడు.

నిజంగానే రెండు వారాలు అన్నిటికీ వద్దే. స్నానం వద్దు, బ్రష్ వద్దు, నాన్నమ్మ ముద్దు కూడా వద్దు. కార్డు చేతిలో పెట్టిన ప్రతిసారీ ఆపేశాం. మందులకీ, రోడ్డు దాటడానికీ మాత్రం కుదరదని చెప్పేవాళ్లం. మూడో వారం నుంచి తగ్గింది. అడిగితే ఆపుతారని నమ్మకం కుదిరినట్టుంది.

ఆ ఏడాది దసరాకి ముందు సెలూన్‌కి తీసుకెళ్లాం. అంతకుముందు ఎప్పుడూ నిద్రపోయినప్పుడు ఇంట్లో కత్తెరతో కత్తిరించడమే. మెషిన్ కుడి చెవి దగ్గరికి రాగానే వాడు టవల్ కింద నుంచి చెయ్యి బయటికి తీసి కార్డు చాపాడు. మా వీధి చివర షాపతను, ఏం చదువుకున్నాడో తెలియదు, ఏ ట్రైనింగూ లేదు, కార్డు చూశాడు, మెషిన్ ఆపేశాడు. ‘సరే చిన్నా, అయిపోయింది’ అన్నాడు. వాడు అద్దంలో అతని వైపే చాలాసేపు చూశాడు. ఎవరూ చూడమని చెప్పలేదు. సగం తలతో ఇంటికి నడుచుకుంటూ వచ్చాం. రెండు రోజుల తర్వాత మా వాడే సెలూన్ ఉన్న వైపు నా చెయ్యి పట్టి లాగాడు. మిగతా సగం అప్పుడు అయింది.

ఇక ఖర్చు సంగతి. మేం వారానికి పది గంటలకి మించి ఎప్పుడూ ఇప్పించలేదు. నలభై గంటలు మాలాంటివాళ్లకి కలలోని మాట. అయినా నెలకి 30 వేలు దాటేది, నా గాజులు రెండేళ్లు బ్యాంకులోనే ఉన్నాయి. ఆటిజం లాంటి వైకల్యాలున్నవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష వరకు అంటారు గానీ, అందులో థెరపీకి వచ్చే వాటా కొంతే. తీసుకోవడం మాత్రం మానొద్దు. థెరపిస్టులు మారడం ఇంకో టెన్షన్. నాలుగున్నరేళ్లలో ఏడుగురు మారారు, ఒక్కొక్కరు మారినప్పుడల్లా వాడు నెల వెనక్కి వెళ్లేవాడు. అడిగితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబరు చూపించేది సీనియర్‌ది, పిల్లాడితో కూర్చునేది మాత్రం మొన్ననే చేరిన అమ్మాయి. చేర్పించే ముందు ఎవరు కూర్చుంటారో అడగండి. ‘పిల్లాడు వద్దంటే ఏం చేస్తారు?’ అని కూడా అడిగి, జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖం చూడండి.

చేర్పించమంటారా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే నేను వెంటనే అవుననలేను, వద్దనలేను. మా వాడికి మాటలు లేవు కాబట్టి కార్డులు మాకు దేవుడిచ్చిన వరం. మాటలొచ్చే పిల్లలకి ఇంత అవసరం పడకపోవచ్చు. ఇంట్లో పొద్దస్తమానం కార్డులు అందుకోవడానికి అత్తయ్య ఉంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్లే ఇంట్లో సెంటర్‌లో నేర్చుకున్నది ఇంటిదాకా రావడం కష్టం. వాడు ఒక్కడే పిల్లాడు, ఉన్నదంతా వాడికే పెట్టగలిగాం.

ఇప్పుడు వారానికి రెండు సెషన్లకి తగ్గించాం. చేతులు ఊపడం ఆపించొద్దని, కళ్లలోకి చూడమనొద్దని గోల్స్ షీటు మీద నేనే రాసి సంతకం పెట్టాను. ఈ టర్మ్‌లో బట్టల గుండీలు పెట్టుకోవడం, ‘ఇక్కడ నొప్పి’ అని శరీరం బొమ్మ మీద చూపించడం నేర్పుతున్నారు. మోకాలు, పొట్ట వచ్చాయి. పన్ను, చెవి ఇంకా కలిపేస్తున్నాడు.