జాతీయ యుద్ధ స్మారకం, ఢిల్లీ: ఒక పేరు అనుకుని వెళ్ళండి

స్మారకానికి 5కి 5. మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళిన టూర్ ప్యాకేజీకి మాత్రం ఒకటి ఇవ్వడం కూడా దండగే, ఆ గోల తర్వాత చెప్తాను.

మే నెలాఖరులో నాన్నను తీసుకుని ఢిల్లీ వెళ్ళాను. ఆయన ఆర్టీసీలో చేసి రిటైరయ్యాడు, ఎర్రకోటా కుతుబ్ మినారూ పెద్దగా పట్టలేదు, రైలెక్కినప్పటి నుంచీ ఒకటే మాట: పద్మపాణి ఆచార్య పేరు అక్కడ గోడ మీద ఉంటుందట రా, అది చూడాలి. ఇప్పటి పిల్లలకు ఆ పేరు తెలియకపోవచ్చు. కుటుంబం మూలాలు ఒడిశావి, ఆయన పుట్టింది మాత్రం హైదరాబాద్‌లోనే, చదివింది ఉస్మానియాలో. కార్గిల్ యుద్ధంలో 2 రాజపుతానా రైఫిల్స్ అనే సైనిక పటాలంలో కంపెనీ కమాండర్, అంటే అందులో ఒక దళానికి నాయకుడు. 1999 జూన్ 28న ద్రాస్ వైపు ఒక శత్రు స్థావరాన్ని పట్టుకోమని పంపారు. చుట్టూ మందుపాతరలు, పైనుంచి మెషిన్ గన్లు, ఫిరంగి గుళ్ళు. ముందు వెళ్తున్న ప్లటూన్ మీద గుళ్ళు పడి జవాన్లు కూలుతుంటే, దాడి అక్కడితో ఆగిపోయేలా ఉందని వెనక ఉంచిన ప్లటూన్‌ని తీసుకుని తనే ముందుకు నడిచాడు. పాకుతూ బంకర్ దాకా వెళ్ళి గ్రెనేడ్లు విసిరాడు. బాగా గాయపడి కదల్లేని స్థితిలో, నన్ను వదిలేసి మీరు పైకి వెళ్ళండి అని మనుషుల్ని పంపించి, తను పడి ఉన్న చోటి నుంచే కాలుస్తూ ఉన్నాడు. స్థావరం మనకు దక్కింది, ఆయన మిగల్లేదు. పుట్టినరోజు వెళ్ళి వారమే. మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు, యుద్ధంలో చూపిన ధైర్యానికి ఇచ్చే పతకాల్లో రెండోది అది.

నాన్నకు ఇంకో సంగతి కూడా తెలుసు. ఆ యుద్ధం మధ్యలో ఆచార్య ఇంటికి ఉత్తరం రాశాడు, గర్భవతిగా ఉన్న భార్యకు మహాభారతం నుంచి రోజుకో కథ చెప్పమని తన తండ్రిని అడిగాడు. పాప ఆయన పోయాక పుట్టింది. నాన్న ఈ సంగతి రైల్లో మూడుసార్లు చెప్పాడు, మూడోసారి నేను ఊఁ కొట్టడం మానేశాను.

ఇక స్మారకం. ఇండియా గేట్ పక్కనే, సుమారు 40 ఎకరాలు, 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించారు, టికెట్ లేదు. ఇండియా గేట్ మీద ఉన్న పేర్లు బ్రిటిష్ కాలంలో పోయినవాళ్ళవి, స్వతంత్రం వచ్చాక పోయినవాళ్ళ పేర్లన్నీ ఒక్కచోట రాయడానికి మనకు 70 ఏళ్ళు పైగా పట్టిందన్నమాట. ఒకదాని చుట్టూ ఒకటి నాలుగు చక్రాలు. నడుమ అమర్ చక్రలో స్తంభం, దీపం. ఇండియా గేట్ కింద వెలిగే జ్యోతిని కూడా 2022 జనవరిలో తెచ్చి ఇందులోనే కలిపారు. మా గైడ్ మాత్రం ఇండియా గేట్ దగ్గర నిలబడి జ్యోతి అదిగో అని చూపించాడు, అక్కడ ఏమీ లేదు.

వీరతా చక్రలో ఆరు కంచు కుడ్యశిల్పాలు. రెజాంగ్ లా శిల్పం ముందు కొంచెం ఆగండి, అది లద్దాఖ్‌లో ఒక కనుమ. చైనాతో యుద్ధంలో 1962 నవంబర్ 18న మేజర్ షైతాన్ సింగ్ కంపెనీ దాదాపు మొత్తం అక్కడే పోయింది. మరుసటి ఏడాది మంచులో శవాలు దొరికినప్పుడు కొందరి చేతుల్లో ఆయుధాలు అలాగే ఉన్నాయి. షైతాన్ సింగ్‌కు పరమవీర చక్ర ఇచ్చారు, ఆ పతకాల్లో అన్నిటికన్నా పెద్దది. ఆయన విగ్రహం పరమ్ యోధా స్థల్‌లో ఉంది, పరమవీర చక్ర పొందిన 21 మందివీ అక్కడే పెట్టారు. వీళ్ళంతా చనిపోయాకే తీసుకున్నారు అని మా గైడ్ గట్టిగా చెప్పాడు. తప్పు. 14 మందికే మరణానంతరం, మిగతా ఏడుగురు బతికి ఉండగానే తీసుకున్నారు. ఆ మాట నేనంటే, అందరికీ తెలిసిందే సార్ అని ముందుకు నడిచాడు.

త్యాగ్ చక్ర అసలు స్థలం. గుండ్రంగా గోడలు, ఒక్కో జవానుకు ఒక్కో గ్రానైట్ ఇటుక, దాని మీద పేరు. పాతిక వేలకు పైగా. టచ్ స్క్రీన్ మీద పేరు కొడితే ఏ గోడలో ఉందో చూపిస్తుంది, కాబట్టి ఇంటి దగ్గరే ఒక పేరు అనుకుని వెళ్ళండి. పేరు లేకుండా వెళ్తే పదో గోడకు కళ్ళు తిరుగుతాయి, ఫోటో దిగి వచ్చేస్తారు. ఎవరూ గుర్తు రాకపోతే సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు పేరు కొట్టండి. 2020 జూన్ 15న లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన గొడవలో తుపాకులు పేలలేదు, రాళ్ళూ కర్రలతో జరిగింది. గాయపడ్డాక కూడా తన మనుషుల ముందే నిలబడ్డాడు. ఆయనకూ మహావీర చక్రే, 2021 గణతంత్ర దినోత్సవానికి ప్రకటించారు.

ఎండాకాలం మధ్యాహ్నం అస్సలు వెళ్ళకండి, ఆ రాయి కాలిపోతుంది. సాయంత్రం వెళ్తే అమరుల కుటుంబాల వాళ్ళు పుష్పగుచ్ఛం పెట్టే కార్యక్రమం చూడొచ్చు. మేం చూడలేదు, ఎందుకంటే మా ప్యాకేజీ వాళ్ళు ఇంత స్థలానికి 40 నిమిషాలు ఇచ్చారు, తర్వాత తెచ్చి పడేసిన శాలువాల షాపులో మాత్రం గంటన్నర. డబ్బు ముందే కట్టించుకున్నారు, అడిగితే షెడ్యూల్ అంతే అన్నారు. మెట్రోలోనో ఆటోలోనో మీరే వెళ్ళండి.

ఆచార్య ఇటుక దొరికేసరికి 30 నిమిషాలు అయిపోయాయి. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, దగ్గరికి వంగి అక్షరం అక్షరం చదివాడు. వేలు పెట్టి, అమ్మో కాలుతోంది అని వెనక్కి తీశాడు, మళ్ళీ పెట్టాడు. తర్వాత పక్క ఇటుక చూపించి, ఈయనది ఏ ఊరు రా అన్నాడు. నాకు తెలియదు నాన్నా, మెషిన్‌లో చూద్దాం అని రెండడుగులు వేశానో లేదో డ్రైవర్ ఫోన్, అందరూ ఎక్కేశారు సార్, మీ ఇద్దరి కోసమే బండి ఆపాం అని.