సిరంజి మూత ఏ రంగని అడిగే మందుల షాపు

తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర మేం ఇన్సులిన్ కొనే మందుల షాపు చాలా చిన్నది. ఇద్దరు నిలబడితే మూడోవాళ్లు రోడ్డు మీదే. బండి పెట్టుకునే చోటుండదు, డిస్కౌంటూ పెద్దగా ఇవ్వరు. అయినా చంద్రగిరిలో ఉండే మా అమ్మకి ఏడాదిగా ఇక్కడే కొంటున్నాను.

మొదటిరోజు 30/70 ఇన్సులిన్ కావాలనగానే కౌంటర్లో పెద్దాయన సీసా తీయలేదు. "ఇంట్లో సిరంజి మూత ఏ రంగమ్మా?" అన్నాడు. నారింజ అన్నాను. పాత సీసా మీద ఎంతుందో చూడమన్నాడు. ఫోన్లో ఫోటో ఉంటే చూపించాను: 40 ఐయూ, అంటే ఒక్కో మిల్లీలీటరులో 40 యూనిట్ల మందు. ఆయన చేతిలో పని ఆపేసి, రెండు సిరంజిలు తెచ్చి కౌంటర్ మీద పక్కపక్కన పెట్టాడు.

40 సీసాకి ఎర్ర మూత సిరంజి, 100 సీసాకి నారింజ మూతది. అంతకుముందు వేరే షాపులో మాకు 40 సీసాతో నారింజ మూతవి ఇచ్చారు. అమ్మ అందులో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయింది 8 యూనిట్లే! మూడు వారాలు పరగడుపు షుగర్ 280 కిందికి రాలేదు. "ఎంత గుచ్చుకున్నా దిగదేమి పాపా" అని అమ్మ అడిగితే, దొంగతనంగా మామిడిపండ్లు తింటున్నావని కేకలేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధే. ఇదే తిరగబడితే ఇంకా ప్రమాదం. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు పోతాయి.

సిరంజి మార్చేముందు జరిగింది డాక్టరుకి చెప్పి, డోసు మళ్లీ అడగమని కూడా ఆయనే చెప్పాడు. అలాగే చేశాం.

సీసా అడుగున తెల్లగా పేరుకుని ఉంటుంది కదా, దాన్ని ఎలా కలపాలో చేసి చూపించాడు. అరచేతుల మధ్య పడుకోబెట్టి పదిసార్లు మెల్లగా దొర్లించి, పదిసార్లు పైకీ కిందికీ తిప్పాడు. పాలలా అంతా ఒకే తెలుపైంది. గట్టిగా ఊపకూడదట. ఎంత కలిపినా పలుకులు మిగిలితే ఆ సీసా వాడొద్దన్నాడు. మే నెల ఎండలో చంద్రగిరి బస్సెక్కుతున్నానంటే, ఐస్ ప్యాక్ సీసాకి తగలకుండా మధ్యలో న్యూస్‌పేపర్ చుట్టి ఇచ్చాడు. గడ్డకట్టినా పాడైపోతుంది మరి.

అమ్మకి శనివారం ఒక్కపొద్దు అలవాటు. ఈ 30/70 మందులో నూటికి 30 వంతులు త్వరగా పనిచేసేది, 70 వంతులు నిదానంగా పనిచేసేది కలిసే ఉంటాయి. వేసుకున్నాక తినకపోతే కుదరదు. ఒక శనివారం పొద్దున ఇన్సులిన్ వేసుకుని, గుడి నుంచి వచ్చి తింటానని వెళ్లింది. తిరిగొచ్చేసరికి చెమటలు, చేతుల వణుకు. మీటర్లో 58. మూడు స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంటకి మళ్లీ చూస్తే 90కి వచ్చింది. వెంటనే అన్నం పెట్టాను. ఇప్పుడు పొయ్యి మీద సంగటి ఉడుకుతుంటేనే సూది తీస్తుంది, అరగంటలో తినేస్తుంది. ఒక్కపొద్దు సంగతి డాక్టరుని అడిగి తేల్చుకున్నాం.

సాయంత్రం ఏడు తర్వాత రద్దీ ఎక్కువ, ఆయన ఇంత వివరంగా చెప్పలేడు. పొద్దున పదిలోపు వెళ్లండి. పాత సీసా, ఇంట్లో వాడే సిరంజి ఒకటి వెంట తీసుకెళ్లండి.